బొటనవేళ్ళ పటం

ఫిబ్రవరి 3, ఆదివారం

వగ్దీ గాడు మా పటం పట్టుకుపోయాడు.  కోపంతోనే రాస్తున్నాను.

కింద కిరాణా కొట్టు సాబిర్ హాజీ కొడుకు వాడు. మా మెట్ల మీద గోళీలాడుకుంటూ పెరిగాడు. ఇప్పుడు డబ్బున్నవాళ్ళుండే జమాలెక్‌లో గ్యాలరీ పెట్టి, మెడకి గుడ్డ చుట్టుకుని తిరుగుతున్నాడు. అమ్మకి జ్వరమొచ్చి తగ్గిందని తెలిసి పలకరించడానికి వచ్చాడు, కిలో బస్‌బూసా మిఠాయి పట్టుకుని. నేను వంటింట్లో టీ పెడుతున్నాను. ముందుగదిలోంచి వాడి పొగడ్తలు వినబడుతూనే ఉన్నాయి. ఆ ఒంటె ఎంత బాగుందో, ఆ ఎరుపు ఇప్పుడెక్కడ దొరుకుతుందో అని. అమ్మ అనాల్సిన మాటే అంది. నీదే నాయనా, నీకంటే ఎక్కువా, తీసుకో అంది. ఈ కైరోలో ఎవరు ఏది మెచ్చుకున్నా ఎవరైనా అనే మాటే అది. దానికి జవాబు పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. దేవుడు దాన్ని మీ ఇంట్లోనే చల్లగా ఉంచాలి అంటారు, టీ తాగుతారు, చెప్పులేసుకుని వెళ్ళిపోతారు.

నేను ట్రే పట్టుకుని వచ్చేసరికి పటం మేకు మీద లేదు. వాడి చంకలో ఉంది.

నేను నోరు తెరవబోయాను. అమ్మ నా వైపు చూసింది. ఆ చూపు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు, పరాయివాళ్ళ ముందు పరువు తియ్యకు అని. వాడు వంగి అమ్మ చెయ్యి ముద్దు పెట్టుకుని, పెద్దమ్మ మాట కాదనడం నా వల్ల కాదన్నాడు. టీ కూడా తాగాడు. పటం ఒళ్ళో పెట్టుకుని తాగాడు.

ఫిబ్రవరి 4

అమ్మ ఆ మేకుకి మందుల షాపువాడిచ్చిన క్యాలెండర్ తగిలించింది.

ఫిబ్రవరి 9, శనివారం

ఇవాళ అమ్మతో గట్టిగా పోట్లాడాను.

మక్కాలోని కాబాకి కొత్త వస్త్రం మోసుకెళ్ళే ఒంటె బొమ్మ అది. వీపు మీద ఎర్రటి అంబారీ, చుట్టూ జెండాలు, డప్పులు. మా ముత్తమ్మమ్మ కొత్త పెళ్ళికూతురుగా ఉన్నప్పుడు పేవ్‌మెంటు మీద కొనుక్కుందట. ఆ రోజుల్లో మా షుబ్రా పేటలో సగం ఇళ్ళలో ఇదే బొమ్మ ఉండేదని అమ్మే చెప్పింది. అచ్చు బొమ్మే, నేనేమీ కాదనడం లేదు. కానీ కింద తెల్లటి అంచు మీద మా ఇంటి పెళ్ళికూతుళ్ళు గోరింటాకు రాత్రి బొటనవేలు వేస్తారు. గాజు పలక తీసి, తడి గోరింటాకులో వేలు ముంచి, ముందున్న వేలి పక్కన అద్దుతారు. ముత్తమ్మమ్మతో మొదలై ఐదు వేళ్ళున్నాయి. చివరిది మా అక్క ఇబ్తిసామ్‌ది. అక్క పోయేటప్పటికి రద్వాకి నాలుగేళ్ళు. ఆ పిల్లకి తల్లి గొంతు గుర్తులేదు. చిన్నప్పుడు కుర్చీ ఎక్కి, గాజు మీంచే ఆ మరక మీద తన వేలు పెట్టి చూసుకునేది.

ఏప్రిల్‌లో రద్వా పెళ్ళి. పద్దెనిమిదిన గోరింటాకు. ఆ పిల్ల వేలు ఎక్కడ వెయ్యాలి? మందుల షాపు క్యాలెండర్ మీదా?

ఇదంతా అమ్మకి అరిచి చెప్పాను. ఆవిడ మెంతికూర ఒలుచుకుంటూ వింది. తర్వాత నింపాదిగా అంది:

"ఇచ్చేశాను. ఇచ్చింది అడిగి తెచ్చుకునే రకం కాదు నేను. వాడంతట వాడు ఇస్తే పుచ్చుకుంటాను."

మర్యాదకి అన్నావమ్మా, మనసులోంచి కాదు కదా అన్నాను. మనసులో ఏముందో వాడికెలా తెలుస్తుంది, నోట్లోంచి వచ్చిందే మాట అంది. వాడికి తెలుసు. కిరాణా కొట్లో పుట్టినవాడికి ఏ మాట ఉత్తిదో తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? తెలిసే తీసుకున్నాడు, దొంగ వెధవ.

ఆ తర్వాత అమ్మ బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పే ఉంచింది. స్నానం మాత్రం చెయ్యలేదు.

ఫిబ్రవరి 20

గ్యాలరీకి వెళ్ళాను. తెల్లగోడలు, ఒక కుర్చీ. కూర్చోవచ్చో లేదో తెలియని కుర్చీ. వగ్దీ అక్కా అక్కా అంటూ కాఫీ తెప్పించాడు. పటం ఫ్రేము కట్టేవాడి దగ్గరుందట. రద్వా సంగతి చెప్పాను. అయ్యో పాపం అన్నాడు. చూద్దాం అన్నాడు. కాఫీలో యాలకులు కూడా వెయ్యలేదు.

మార్చి 2

రద్వా అడిగింది, పిన్నీ, పటం ఎప్పుడొస్తుందని. శుభ్రం చెయ్యడానికి ఇచ్చామన్నాను. నాకు అబద్ధం చెప్పడం రాదు. ఆ పిల్లకి కనిపెట్టడం వచ్చు. 

టమాటాలు మళ్ళీ మండిపోతున్నాయి.

మార్చి 14, గురువారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. రక్తపరీక్షల ల్యాబులో నా పని. రోజంతా జనం వేళ్ళు పొడుస్తాను. పొద్దున వెళ్ళేసరికి రిసెప్షన్ గోడ మీద మా ఒంటె ఉంది.

మా ల్యాబు యజమాని డాక్టర్ మునీరా. ఆవిడే తగిలించింది.  వగ్దీ ఈవిడకి అమ్మేశాడనుకున్నాను. దగ్గరికి వెళ్ళాను. అంచు మీద ఐదు వేళ్ళు. నాలుగోది అమ్మది, సార్డీన్ చేపల డబ్బా మూత కోసుకున్న మచ్చ అడ్డంగా ఉంటుంది, ఉంది. ఐదోది అక్కది. కానీ ఏదో తేడాగా ఉంది. మా పటంలో ఎడమ మూల పురుగు తిన్న కన్నం ఉంటుంది, అందులోంచి వెనక చెక్క కనబడుతుంది. దీంట్లోనూ కన్నం ఉంది. కానీ అది కన్నం కాదు, కన్నం బొమ్మ. వెధవ, పురుగు తిన్నది కూడా అచ్చేశాడు.

డాక్టర్ గారు నేను ముచ్చటపడుతున్నాననుకుని ఉత్సాహంగా వచ్చారు. లిమిటెడ్ ఎడిషన్ అట. రెండు వందలే వేశారట, ఇది ఇరవైమూడోది. కింద పెన్సిల్‌తో నంబరూ సంతకమూ ఉన్నాయి. ఎవరి సంతకం? వగ్దీది! బొమ్మ గీసింది వాడా? వేలు వేసింది వాడా? స్కాన్ చేసినందుకు సంతకం పెట్టాడు. కొనుక్కున్నవాళ్ళకి మెరిసే స్టిక్కరంటించిన సర్టిఫికెట్ కూడా ఇస్తున్నాడు, ఇది అసలైనదని. అసలైన నకలు అన్నమాట. ధర నా నెల జీతం మించి ఉంది. ఏటికేడు విలువ పెరుగుతుందట, బంగారం లాగా.

సర్టిఫికెట్ నా చేతికిచ్చి చదవమన్నారు. చదివాను. "పేరు తెలియని పల్లె పడుచులు తమ పెళ్ళినాటి రాత్రి అద్దిన వేలిముద్రలు."

పల్లె పడుచులు. మా అక్క టెలిఫోన్ ఆఫీసులో పనిచేసింది. పేరు తెలియదట. ఎవర్నడిగాడు వాడు పేరు? మా మెట్ల మీద పెరిగి, మా అక్క చేతి బిస్కెట్లు తిన్నవాడికి ఆమె పేరు తెలియదు!

ఇవి మావాళ్ళ వేళ్ళండీ అని డాక్టర్ గారితో అందామనుకున్నాను. అనలేకపోయాను. ఏమని నమ్ముతారు? సర్టిఫికెట్ ఆవిడ దగ్గరుంది, నా దగ్గర ఏముంది. ఆ తర్వాత వచ్చిన పేషెంటుకి సూది మరీ లోతుగా దింపాను. ముసలాయన కెవ్వుమన్నాడు. క్షమించమని అడిగాను.

మార్చి 15

శుక్రవారం సెలవు రోజే అయినా గ్యాలరీ తెరిచే ఉంది. ఈసారి కాఫీ తాగలేదు, కూర్చోలేదు.

అరవనిచ్చాడు. అంతా అరిచాక చేతులు కట్టుకుని అన్నాడు:

"అక్కా, ఒక్క మాటడుగుతా, కోప్పడకు. మీ ఇంట్లో ఉన్నది మాత్రం అసలుదా? అదీ అచ్చుదే కదా. వేలకి వేలు గుద్ది, వేరుశెనక్కాయల పక్కన పోసి అమ్మారు. నేను అచ్చుని మళ్ళీ అచ్చేశా. ఇందులో మోసం ఎక్కడుందో నువ్వే చెప్పు."

"ఒంటెని లక్షసార్లు అచ్చేసుకో. మా అక్క వేలు ఎవరు అచ్చేసుకోమన్నారు నిన్ను?"

వేళ్ళు లేకపోతే అది ఎవడిక్కావాలక్కా, పాత కాగితం అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వాడి నోటితో వాడే చెప్పాడు, విలువ దేంట్లో ఉందో. మరి ఆ విలువ ఎవరిది అని అడిగితే, పెద్దమ్మ నాకిచ్చింది కదా అన్నాడు. అన్నిటికీ అదొక్కటే జవాబు.

అసలు పటం ఇప్పుడు వాడి వెనకగదిలో ఉంది. ఏప్రిల్ ఏడున ప్రదర్శన పెడుతున్నాడు, పెద్దపెద్దవాళ్ళని పిలిచి. గోడ మధ్యలో అసలుది, చుట్టూ నకళ్ళు. అది కాగానే అసలుది ఒక బ్యాంకు కొనుక్కుంటుందట, వాళ్ళ హాల్లో పెట్టుకోవడానికి. గోరింటాకు రాత్రికి రద్వా బ్యాంకుకి వెళ్ళి టోకెన్ తీసుకుని క్యూలో నిలబడాలేమో.

నువ్వు కూడా రా అక్కా అన్నాడు, గుమ్మం దాకా వచ్చి. మర్యాదకి.

మార్చి 16

అమ్మకి చెప్పేశాను, నకళ్ళ సంగతి. అంతా వింది. తర్వాత అడిగింది, "నా వేలు సరిగ్గా పడిందా?"

మార్చి 29, శుక్రవారం

కింద కొట్లో జున్ను తీసుకున్నాను. ఎంత హాజీ అని అడిగాను. సాబిర్ హాజీ ఎప్పటిలాగే గుండె మీద చెయ్యి పెట్టుకుని, మనలో మనకేంటమ్మాయ్, ఉంచెయ్ అన్నాడు. నేను ఎప్పటిలాగే అయ్యో అదేం మాట అన్నాను. ఆయన ఎప్పటిలాగే ధర చెప్పాడు. నేను ఇచ్చాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆయన నాకొక్క జున్నుముక్క ఉత్తినే ఇవ్వలేదు, ఒక్కసారి కూడా ఆ మాట అనకుండా డబ్బు తీసుకోలేదు.

మెట్లు సగం ఎక్కాక ఆగిపోయాను.

వగ్దీ ఆ కౌంటరు వెనకాలే పెరిగాడు. బడి నుంచి రాగానే తండ్రి వాణ్ణి పెట్టె మీద నిలబెట్టేవాడు. ఎవరు ధర అడిగినా ఉంచెయ్యండి అని ముద్దుముద్దుగా అనేవాడు. మేమంతా నవ్వేవాళ్ళం. ఆ మాట వాడికి పాలపళ్ళతో పాటు వచ్చింది.

మళ్ళీ కిందకి దిగాను. మీ అబ్బాయి ప్రదర్శనకి వస్తారా, ట్యాక్సీలో తీసుకెళ్తాను అని హాజీని అడిగాను. ఆయన త్రాసు తుడుచుకుంటూ ఉండిపోయాడు. నన్ను పిలవలేదమ్మాయ్ అన్నాడు. నన్ను పిలిచాడు, నేను మిమ్మల్ని పిలుస్తున్నాను అన్నాను.

ఏప్రిల్ 8, పొద్దున, డ్యూటీకి వెళ్ళేముందు

నిన్నటి సంగతి వరసగా రాస్తాను.

నా సహోద్యోగి నిశ్చితార్థం ఉందని అమ్మకి చెప్పి, ఆకుపచ్చ గౌను వేసుకున్నాను. హాజీ పొడుగాటి ఉన్ని అంగీ, గలాబియా వేసుకుని, మీసం దువ్వుకుని కింద నిలబడి ఉన్నాడు.  వంతెన దాటేటప్పుడు, వీడు చిన్నప్పుడు లెక్కల్లో దిట్ట అన్నాడు.

గ్యాలరీ కిటకిటలాడుతోంది. సిల్కు సూట్లు, పొడుగు చెవిపోగులు. గోడలనిండా మా ఒంటెలే. గుంపు గుంపు ఒంటెలు, వాటికింద మా అక్క వేలు, మా అక్క వేలు, మా అక్క వేలు. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నడిమి గోడ మీద దీపం కింద అసలుది. పక్కన వగ్దీ, ఇద్దరు బ్యాంకువాళ్ళతో. తండ్రిని చూసి వాడి మొహం ఒక్క క్షణం బడిపిల్లాడి మొహమైపోయింది. తమాయించుకుని వచ్చి తండ్రి చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. అందరూ చూస్తున్నారు కాబట్టి ఇంకా గట్టిగా పెట్టుకున్నాడు. మా నాన్నగారు, నాకు అన్నీ నేర్పింది ఈయనే అని బ్యాంకువాళ్ళకి పరిచయం చేశాడు. ఆ మాట నాకు చాలా ఉపయోగపడింది.

నేను పటం ముందు నిలబడి మొదలుపెట్టాను. ఎంత బాగుందో, ఆ ఎరుపు ఇప్పుడెక్కడ దొరుకుతుందో. వాడి మాటలే వాడికి. జనం మూగారు. వగ్దీకి ఊపిరాడింది. అక్క దారికొచ్చిందనుకున్నాడు. అప్పుడు సంచీలోంచి పర్సు తీశాను. కొట్లో జున్ను అడిగినట్టే అడిగాను:

"ఎంతయ్యా వగ్దీ? మీ నాన్న ముందే చెప్పు."

వాడు తండ్రి వైపు చూశాడు. పై ఇంటావిడకి, తన తల్లి చనిపోయినప్పుడు మూడు రోజులు వండిపెట్టిన ఇంటి ఆడపిల్లకి, కన్నతండ్రి ముందు, పదిమందిలో, ధర చెప్పాలి. చెయ్యి దానంతటదే గుండె మీదకి వెళ్ళింది.

"మనలో మనకేంటక్కా. ఉంచెయ్."

దేవుడు నిన్ను చల్లగా చూడాలి వగ్దీ అన్నాను. రెండు చేతులా పటం ఎత్తి మేకు మీంచి తీశాను.

ఎవరో చప్పట్లు కొట్టారు, ఇది కూడా ప్రదర్శనలో భాగమనుకుని. వగ్దీ నవ్వుతూనే నా దారికి అడ్డమొచ్చాడు. అక్కా, మాటవరసకి అన్నాను కదా అన్నాడు, గొంతు తగ్గించి.  జవాబు హాజీ చెప్పాడు. ఆయన గొంతు తగ్గించలేదు.

"నోటితో ఇచ్చింది చేత్తో లాక్కుంటావురా? వాళ్ళమ్మ లాక్కుందా నీ దగ్గర్నుంచి?"

జనం పక్కకి జరిగారు. బ్యాంకువాళ్ళు వాచీలు చూసుకున్నారు.

ట్యాక్సీలో భయం పట్టుకుంది. వీడు అసలుది దాచేసి నకలు తగిలించి ఉంటే? ఇంటికి రాగానే చెక్క ఊడదీసి, ఎడమ మూల పురుగు కన్నంలోకి అగ్గిపుల్ల పెట్టాను. అవతలికి వచ్చింది. మా కన్నమే.

అమ్మ నిద్రపోలేదు. నిశ్చితార్థంలో పటాలు పంచుతున్నారా అంది. తర్వాత ఒక్కటే అడిగింది, వాడే ఇచ్చాడా అని. నోరారా ఇచ్చాడు, పదిమందిలో అన్నాను. అయితే సరే అని క్యాలెండర్ తీసేసింది.

హాజీని ఇంటికి తీసుకురాలేదు నేను. కొడుకు దగ్గరే ఉండిపోయాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు.

ఏప్రిల్ 19

నిన్న రద్వా వేలు వేసింది. తల్లి వేలి పక్కనే, ఆనీ ఆననట్టుగా. కాసేపు తియ్యలేదు. కాగితం చిరుగుతుందే అని అమ్మ కసిరితే తీసింది. ఆడవాళ్ళు నాలుక మడిచి సంబరంగా కూతలు పెడితే వీధి చివరిదాకా వినబడింది.

గాజు పలక పట్టుకోవడం నా పని. అక్క పెళ్ళికీ నాదే. పెళ్ళికానివాళ్ళం కదా, మాకు పలకే ఇస్తారు.

ఇప్పుడు మా పటంలో ఆరు వేళ్ళు. వగ్దీ రెండు వందల పటాలూ తప్పయిపోయాయి. పొద్దున ల్యాబులో ఇరవైమూడో నంబరు కింద నుంచి వెళ్తూ దాని మొహాన నవ్వాను.

నవంబరు 12

ల్యాబుకి ఒకావిడ షుగర్ పరీక్షకి వచ్చింది. నది అవతలి ఇంబాబా నుంచి. రిసెప్షన్‌లో ఒంటెని చూసి, ఇదే మా ఇంట్లోనూ ఉంది అంది. వియ్యాలవారు బహుమతిగా ఇచ్చారట. మొన్న వాళ్ళమ్మాయి గోరింటాకు రాత్రి వేలు వేయించారట దాని మీద.  ఏ హక్కుతో అని అడగబోయాను. ఈలోగా ఆవిడే అంది, వేలు వేయించాం గానీ ముందున్నవాళ్ళెవరో తెలియదమ్మా, వాళ్ళ కోసం నమాజులో ఏమని అడగను, కాగితంలో పేరు లేదని రాసుంది అని.

పేర్లు చెప్పాను. సెత్తుహుమ్, జన్నూబా, ఫర్దూస్, తఫీదా, ఇబ్తిసామ్. తఫీదా మా అమ్మ, బతికే ఉందని కూడా చెప్పాను. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ రెండుసార్లు అప్పజెప్పింది. నీదేదీ అని అడిగింది. నాది లేదన్నాను.

మా దాంట్లో బోలెడు చోటుందమ్మా, శుక్రవారం భోజనానికి రా, వేద్దువుగాని అంది.

మర్యాదకే అని ఉంటుంది. వెళ్తున్నాను.